తోక చెప్పే ఇంటిపేరు

1921లో ఇటలీలోని మజోరే సరస్సు మీదికి కాప్రోనీ కంపెనీ సీఏ.60 అనే విమానాన్ని దించింది. ముందొక వరుస, నడుమ ఒక వరుస, వెనక ఒక వరుస, వరుసకు మూడేసి చొప్పున మొత్తం తొమ్మిది రెక్కలు. ఎనిమిది ఇంజన్లు. కింద పడవ. అలాంటిది ఒక్కటే తయారైంది, అదీ మార్చి 4న నీటి మీంచి లేచిన కాసేపటికే కూలింది. అరుదైన విమానమంటే అదీ. అయినా సీఏ.60 ఫోటోను ఒకసారి చూసినవాళ్ళు మళ్ళీ ఎక్కడ కనిపించినా పోల్చుకుంటారు. దానికి పాండిత్యం అక్కర్లేదు.

దాని పక్కన 1928 ప్రాంతంలో అమెరికాలో ఏదో పచ్చిక బయల్లో తీసిన మరో ఫోటో పెట్టండి. రెండంతస్తుల రెక్కలు, పైకప్పు లేని కాక్‌పిట్లు, మూడు సీట్లు, ముందు కర్టిస్ ఓఎక్స్-5 ఇంజన్. ఇది వాకో 10 కావచ్చు, ట్రావెల్ ఎయిర్ 2000 కావచ్చు, స్వాలో, ఈగిల్‌రాక్, అమెరికన్ ఈగిల్ ఏదైనా కావచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో మిగిలిపోయిన 90 గుర్రాల శక్తి ఇంజన్లు చవగ్గా దొరకడంతో ఎన్నో కంపెనీలు వాటి వెనక దాదాపు ఒకే విమానాన్ని కట్టుకుంటూ పోయాయి. అసలు చిక్కు ఇక్కడ. వింతది ఇట్టే తెలుస్తుంది, మామూలుదే ముప్పుతిప్పలు పెడుతుంది. పాత ఫోటోల్లోని విమానాలను గుర్తించే పని మీద వచ్చిన రాతలూ వివాదాలూ వరసగా చదువుతూ పోతే ఇంకో సంగతి కూడా తేటపడింది. ఈ పనిలో గెలిచినవాళ్ళు పోలికలు పట్టినవాళ్ళు కారు, ఇది ఫలానాది కాదని ఒక్కొక్కటే కొట్టేస్తూ వెళ్ళినవాళ్ళు. పోలిక చూసి పేరు చెప్పినవాళ్ళు బోల్తాపడిన సందర్భాలు ఈ వ్యాసం నిండా ఉన్నాయి.

విమానాన్ని గుర్తుపట్టడానికి ఒక పద్ధతంటూ ఏర్పడింది యుద్ధం వల్లే. బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మూడు రోజులకు, 1939 సెప్టెంబర్ 6న, బ్రిటిష్ స్పిట్‌ఫైర్లు బ్రిటిష్ హరికేన్లనే రెండింటిని కూల్చాయి. ఒక పైలట్ చనిపోయాడు. నేల మీది హెచ్చరిక వ్యవస్థ పొరపాటూ అందులో ఉంది, కళ్ళ పొరపాటూ ఉంది. ఆ తర్వాత నల్లటి నీడబొమ్మల చార్టులు, ముందు నుంచీ పక్క నుంచీ కింద నుంచీ విమానం ఎలా కనిపిస్తుందో చూపే కార్డులు బ్రిటన్ అంతటా పాకాయి. 1941 నుంచి 1948 దాకా ఇందుకోసమే ‘ది ఏరోప్లేన్ స్పాటర్’ అనే పత్రిక నడిచింది. అమెరికన్లు రెక్క, ఇంజన్, బాడీ, తోక అనే వరసను సైనికుల చేత వల్లె వేయించారు. ఆ వరస ఇప్పటికీ పనికొస్తుంది, కానీ దాని హద్దు తెలుసుకోవాలి. అది ఆకాశంలో రెండు మూడు క్షణాలు కనిపించే విమానం మనదా శత్రువుదా తేల్చడానికి పుట్టింది. అప్పట్లో ఎదురయ్యే రకాలు కొద్ది. పాత ఫోటో ముందు కూర్చున్నవాడికి కావలసినంత సమయం ఉంటుంది, అయితే కొట్టేయవలసిన రకాలు వేలు. 1909లో మొదలైన, విమానాలను జాబితా వేసే జేన్స్ వార్షిక సంపుటాలు అన్నీ తిరగేసినా, ఒక్కటే తయారై షెడ్డులోనే ముక్కలైపోయిన విమానం అందులో ఉంటుందన్న భరోసా లేదు.

కొట్టివేత ఎలా సాగుతుందో చూడటానికి హైదరాబాద్‌తో నిజంగా ముడిపడిన ఉదాహరణే ఉంది. 1918 సెప్టెంబర్‌లో బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్ ఫ్రాన్స్ చేరింది. దాని బాంబర్లు నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కానుక. అందుకే ఆ స్క్వాడ్రన్ పేరులో ‘హైదరాబాద్’ చేరింది, విమానాల మీద కానుక ఇచ్చిన ప్రభువు పేరు రాశారు. ఆ విమానం డీహెచ్.9ఏ. దానికి ముందు ఇదే పోలికలతో డీహెచ్.4, డీహెచ్.9 ఉన్నాయి. మసకబారిన ఫోటోలో మూడూ ఒకటే. అయితే డీహెచ్.4లో పైలట్‌కీ వెనక తుపాకీ పట్టుకున్నవాడికీ మధ్య పెట్రోలు ట్యాంకు ఉంటుంది, ఇద్దరి తలలూ దూరదూరంగా కనిపిస్తాయి. ఒకరి మాట ఒకరికి వినపడదని అప్పట్లోనే పైలట్లు తిట్టుకున్నారు. డీహెచ్.9లో ఇద్దరినీ దగ్గరికి చేర్చారు. కాబట్టి తలలు దగ్గరగా ఉంటే డీహెచ్.4 కొట్టివేత. ఇక ముక్కు చూడాలి. డీహెచ్.9లో సిలిండర్ల పైభాగం బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, రేడియేటర్ బాడీ కింద వేలాడుతుంది. డీహెచ్.9ఏకి అమెరికన్ లిబర్టీ ఇంజన్, దాని ముందు కారు ముక్కులాంటి చదునైన పెద్ద రేడియేటర్. ముక్కు చదునుగా ఉంటే డీహెచ్.9 కూడా కొట్టివేత. రెక్కల కొలత తీయగలిగితే ఇంకా మంచిది: డీహెచ్.9 రెక్కల నిడివి 42 అడుగుల పైచిలుకు, 9ఏకి దాదాపు 46 అడుగులు.

చదునైన రేడియేటర్ ఒక్కటే చూసి పేరు చెప్పేవాడు ఇక్కడ దెబ్బతింటాడు, డీహెచ్.4కి కూడా రేడియేటర్ ముందే ఉంటుంది కనక. తలల దూరం ఒక్కటే చూసినవాడూ అంతే. రెండు గుర్తులు కలిస్తేనే ఒక పేరు. ఆపైన కూడా, రష్యాలో తీసిన ఫోటో అయితే అది బ్రిటన్‌లో తయారైన 9ఏ కాకుండా సోవియట్లు దాన్ని చూసి వేల సంఖ్యలో కట్టిన ఆర్-1 కావచ్చు.

నిజాం కానుకల్లో ఒకటి నేటికీ ఉంది. ఎఫ్1010 అనే సీరియల్ నంబరు విమానం 1918 అక్టోబర్ 5న బాంబుదాడికి వెళ్ళి జర్మన్ల చేతికి చిక్కింది. బెర్లిన్ మ్యూజియంలో నిలబడి, రెండో యుద్ధంలో తరలింపుల పాలై, పోలండ్‌లోని క్రాకోవ్ మ్యూజియానికి చేరింది. 1977లో బ్రిటన్ ఒక స్పిట్‌ఫైర్‌ను ఇచ్చి దాన్ని వెనక్కి తెచ్చుకుంది. ఇప్పుడది లండన్‌లో, ఆర్ఏఎఫ్ మ్యూజియంలో ఉంది. ఇక్కడ రెండు ప్రశ్నలు వేరుచేసి చూడాలి. ఇది ఏ రకం అన్నది ఒకటి, ఆ రకంలో ఏ విమానం అన్నది రెండోది. మొదటిదానికి ఆకారం చాలు. రెండోదానికి సీరియల్ నంబరు కావాలి. దాత పేరు చూసి రెండో ప్రశ్నకు జవాబిచ్చేవాళ్ళున్నారు, అది చెల్లదు. ఆ యుద్ధకాలంలో కానుక విమానం కూలిపోతే అదే పేరును ఇంకోదాని మీద రాసేవారు.

డీహెచ్.9ఏ కథ మన వాయుసేన దాకా వస్తుంది. 1933 ఏప్రిల్ 1న కరాచీలో భారత వాయుసేన మొదటి స్క్వాడ్రన్ నాలుగు వెస్ట్‌ల్యాండ్ వాపిటీలతో మొదలైంది. ఖర్చు తగ్గించాలని బ్రిటిష్ ప్రభుత్వం గోదాముల్లో పేరుకున్న డీహెచ్.9ఏ భాగాలు వాడేలా వాపిటీని గీయించింది. కాబట్టి రెక్కలు చూస్తే పాతది గుర్తొస్తుంది. ముందు చక్రంలా అమర్చిన జూపిటర్ ఇంజన్ సిలిండర్లు చూస్తే అది కాదని తెలుస్తుంది. మిగిలిన ఒక వాపిటీని ఢిల్లీ పాలంలోని వాయుసేన మ్యూజియంలో చూడొచ్చు.

కొత్తగా ఈ పనిలో దిగేవాళ్ళు ఇంజన్ చూసి సంబరపడతారు. ఇంజన్ కొనుక్కునే సరుకు. అదే విమానానికి ఈ ఏడు ఒకటి, వచ్చే ఏడు ఇంకొకటి బిగిస్తారు. తోక అలా కాదు. డీహెచ్ అంటే డి హావిలాండ్. ఆయన గీసిన చుక్కాని గుండ్రం ఒకటుంది, జిప్సీ మాత్ నుంచి టైగర్ మాత్ దాకా, ఇంకా ఎన్నింటిలోనో అదే కనిపిస్తుంది. మొదటి యుద్ధం నాటి ఫోకర్ యుద్ధవిమానాల చుక్కాని మీద కూడా అలాంటి ముద్రే ఉంది. తోక ఇంటిపేరు చెబుతుంది, ముద్దుపేరు వేరేచోట వెతుక్కోవాలి.

ముద్దుపేరు దగ్గర తప్పులు ఎలా దొర్లుతాయో చెప్పడానికి జె.ఆర్.డి. టాటా విమానం చాలు. 1932 అక్టోబర్ 15న ఆయన కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయికి టపా తెచ్చింది పుస్ మాత్‌లో. అక్కడి నుంచి బళ్ళారి మీదుగా మద్రాసుకు ఆ టపాను నెవిల్ విన్సెంట్ తీసుకెళ్ళాడు. ఆ ప్రయాణాన్ని జె.ఆర్.డి. 1962లో, మళ్ళీ 78 ఏళ్ళ వయసులో 1982లో స్వయంగా నడిపి గుర్తుచేసుకున్నారు, కానీ అప్పుడు వాడింది లెపర్డ్ మాత్. రెండూ డి హావిలాండ్‌వే, రెండూ మూసిన క్యాబిన్ ఉన్నవే, రెక్క పైనే. దూరం నుంచి కవలలు. పుస్ మాత్ రెక్క మొదలు నుంచి దాదాపు చివరి దాకా ఒకే వెడల్పు, లెపర్డ్ మాత్ రెక్క కొసకు పోయేకొద్దీ సన్నబడుతుంది. పుస్ మాత్ బాడీకి లోపల ఉక్కు గొట్టాలు, లెపర్డ్ మాత్‌ది ప్లైవుడ్. ఇవేవీ కనిపించని ఫోటో అయితే తేదీ ఆదుకుంటుంది. లెపర్డ్ మాత్ మొదటిసారి గాల్లోకి లేచిందే 1933లో. అందువల్ల ‘1932, తొలి టపా’ అన్న క్యాప్షన్ కింద లెపర్డ్ మాత్ ఉంటే ఆ క్యాప్షన్‌ను మారుమాట లేకుండా కొట్టేయొచ్చు. ఫోటోలో అన్నింటికన్నా తక్కువ నమ్మదగింది క్యాప్షనే అని నా అభిప్రాయం. అది విమానాన్ని చూసినవాడు రాసింది అయి ఉండాలన్న రూలేమీ లేదు, ఏళ్ళ తర్వాత పత్రికాఫీసులో ఎవరో టైపు చేసింది కావచ్చు.

రిజిస్ట్రేషన్ అక్షరాలు కనిపిస్తే సగం పని అయిపోయినట్టే అనుకుంటాం. చాలాసార్లు నిజమే. 1919 పారిస్ ఒప్పందంతో దేశాలకు గుర్తు అక్షరాలు వచ్చాయి. మన దేశానికి ‘వీటీ’ 1929లో వచ్చింది గనక ఆ అక్షరాలున్న ఫోటో అంతకు ముందుది కాదు. అమెరికాలో అంకెల ముందు ‘ఎక్స్’ ఉంటే ప్రయోగ దశలోది అని అర్థం, అట్లాంటిక్ దాటిన లిండ్‌బర్గ్ విమానం మీద ఉన్నది అదే. 1927 నుంచి అమెరికా ప్రభుత్వం ఇచ్చిన అనుమతి పత్రాల వరస ప్రకారం జోసెఫ్ జప్ట్‌నర్ రాసిన తొమ్మిది సంపుటాలు, బ్రిటిష్ పౌరవిమానాలపై ఎ.జె. జాక్సన్ పుస్తకాలు ఈ పనికి పునాది. ఓఎక్స్-5 గుంపులోంచి ఒకదాన్ని విడదీయాలంటే జప్ట్‌నర్ లేకుండా కుదరదు. మరి చిక్కెక్కడ? విమానం పోయాక దాని నంబరు ఇంకొకదానికి ఇవ్వడం ఉంది. యుద్ధకాలపు ఫోటోల్లో సెన్సారువాళ్ళు నంబరును గీకేయడం ఉంది. సగం కనిపించే అక్షరాన్ని మన మనసు తనకు కావలసినట్టు పూరించుకోవడం అన్నింటికన్నా ప్రమాదం.

రంగుల విషయంలో ఫిల్మే అబద్ధం చెబుతుంది. పాత ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపు దాదాపు కనిపించదు, అందువల్ల ప్రింటులో ఎరుపు నల్లగా, నీలం పాలిపోయి వస్తుంది. పసుపు కూడా ముదురుగా పడుతుంది. పసుపు పూసిన శిక్షణ విమానం ఈ ఫిల్ములో ముదురు రంగు యుద్ధవిమానంలా కనిపిస్తుంది, దేశ చిహ్నంలోని వలయాలు తారుమారైనట్టు అనిపిస్తాయి. పాంక్రోమాటిక్ ఫిల్ములో ఈ లెక్క మారుతుంది. ఏ ఫిల్మో తేలకుండా నలుపు తెలుపు ఫోటో చూసి రంగు చెప్పేవాళ్ళ మాట నేను పట్టించుకోను.

తిరగేసిన నెగటివ్ ఇంకో బెడద. డకోటా అనే డీసీ-3కి ప్రయాణికుల తలుపు మామూలుగా ఎడమవైపు. కుడివైపు తలుపున్న ఫోటో వస్తే వెంటనే ‘లీ-2, సోవియట్ నకలు’ అనేస్తారు, లీ-2 తలుపు కుడివైపే గనక. కానీ నెగటివ్‌ను తిరగేసి ముద్రించి ఉండొచ్చు. అదీ కాకపోతే అమెరికన్ ఎయిర్‌లైన్స్ తొలి డీసీ-3లకు తలుపు కుడివైపే ఉండేదన్నది గుర్తుంచుకోవాలి. యుద్ధం తర్వాత మన దేశంలో ఎగిరిన డకోటాల్లో చాలావాటికి వెనక వెడల్పాటి సరుకుల తలుపు కనిపిస్తుంది. అవి సైన్యం అమ్మేసిన సీ-47లు. కాక్‌పిట్ వెనక అదనంగా కిటికీలుంటే జపాన్‌లో తయారైన ఎల్2డీ అనుకోవచ్చు. అన్నీ ఒకే తల్లి పిల్లలు, నాలుగు దేశాల పత్రాలు.

కావాలని మోసం చేయడానికి తీసిన ఫోటోల చరిత్ర ఇంకా రసవత్తరం. 1940లో జర్మనీ ‘హైంకెల్ హె 113’ అనే కొత్త యుద్ధవిమానం ఫోటోలు విడుదల చేసింది. అలాంటి విమానమే లేదు. సైన్యం తీసుకోని హె 100 రకంవి డజను విమానాలు ఉంటే వాటికే మళ్ళీ మళ్ళీ కొత్త చిహ్నాలు పూసి, వేర్వేరు స్క్వాడ్రన్లన్నట్టు ఫోటోలు తీశారు. బ్రిటిష్ గుర్తింపు చార్టుల్లో దానికి చోటు దక్కింది. ఆ ఏడాది ఇంగ్లండ్ గగనంలో హె 113తో తలపడ్డామని పైలట్లు రిపోర్టులు కూడా రాశారు. చార్టులో చూసిందే ఆకాశంలో కనిపించింది. 1933లో వచ్చిన ‘డెత్ ఇన్ ది ఎయిర్’ అనే పుస్తకంలో మొదటి యుద్ధపు వైమానిక పోరాటాల ఫోటోలు ఒళ్ళు గగుర్పొడిచేలా ఉంటాయి. అవి వెస్లీ ఆర్చర్ అనే అమెరికన్ చేసిన బొమ్మ విమానాల ఫోటోలని అర్ధశతాబ్దం తర్వాత, స్మిత్‌సోనియన్ మ్యూజియానికి ఆయన సామగ్రి చేరాక బయటపడింది.

సినిమాలది మోసం కాదు, కానీ ఫలితం అదే. 1969 నాటి ‘బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్’ సినిమాలో జర్మన్ మెసర్‌ష్మిట్‌లుగా ఎగిరినవి స్పెయిన్‌లో తయారైన బుచోన్లు. వాటికున్నది బ్రిటిష్ మెర్లిన్ ఇంజన్, నిటారుది గనక పొగగొట్టాలు ముక్కు పైభాగంలో ఉంటాయి. అసలు మెసర్‌ష్మిట్ ఇంజన్ తలకిందులుగా బిగించింది, పొగగొట్టాలు కిందికి ఉంటాయి. ‘టోరా! టోరా! టోరా!’ సినిమాలోని జపాన్ విమానాలు వేషం మార్చిన అమెరికన్ శిక్షణ విమానాలు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద దాడి చేసినవి జపాన్ నౌక ర్యూజో మీది విమానాలు, ఆ నౌక బాంబర్లు నకాజిమా బీ5ఎన్‌లు. ఆ దాడి గురించి రాసేటప్పుడు పక్కన వేసే బొమ్మ సినిమాలోది కాకుండా చూసుకోవడం మన పత్రికలకు పెద్ద పనేమీ కాదు. సోవియట్ కే-7 సంగతి మరీ విడ్డూరం. 1933లో ఖార్కివ్‌లో నిజంగా ఎగిరిన ఏడు ఇంజన్ల మహాకాయం అది, ఆ నవంబర్‌లోనే కూలిపోయింది. ఇప్పుడు దాని పేరుతో తిరిగే చాలా బొమ్మల్లో తేలియాడే కోటలా ఫిరంగులు కూడా ఉంటాయి. అవి కంప్యూటర్ మీద కల్పించినవి.

ఇక మసక. ఒకే రకం మసకను ఇద్దరు ఎలా చదివారో పక్కపక్కన పెట్టి చూడాలి. గుస్తావ్ వైట్‌హెడ్ అనే అమెరికా వలసదారుడు రైట్ సోదరుల కన్నా రెండేళ్ళ ముందే ఎగిరాడన్న వాదన ఒకటుంది. 1906లో న్యూయార్క్‌లో జరిగిన విమాన ప్రదర్శన ఫోటో ఒకటి ఉంది, అందులో గోడకు తగిలించిన ఇంకో ఫోటో చిన్న మరకలా కనిపిస్తుంది. ఆ మరకను పెద్దది చేసి, అది గాల్లో ఉన్న వైట్‌హెడ్ విమానమేనని 2013లో ఒక పరిశోధకుడు ప్రకటించాడు. అదే ఏడాది జేన్స్ సంపుటి సంపాదకుడు వైట్‌హెడ్ వాదనను సమర్థిస్తూ ముందుమాట రాశాడు. కారల్ గ్రే అనే చరిత్రకారుడు మాత్రం ఆ మరకను తెలిసిన ఫోటోలతో ఒక్కొక్కదానితో పోల్చుకుంటూ వెళ్ళాడు. అది 1905లో కాలిఫోర్నియాలో ప్రదర్శనకు పెట్టిన జాన్ మాంట్‌గోమరీ గ్లైడర్ అని తేల్చాడు. 2015లో జేన్స్ యాజమాన్యం ఆ ముందుమాట సంపాదకుడి సొంత అభిప్రాయమని చెప్పుకుంది. మరకలో తనకు కావలసింది చూడటం ఎంత సులువో దీన్ని మించి చెప్పే కేసు నాకు తెలియదు.

రెండోది 1943 నాటిది. బ్రిటన్‌లోని మెడ్మెన్‌హామ్‌లో కాన్‌స్టన్స్ బాబింగ్‌టన్ స్మిత్ ఆకాశం నుంచి తీసిన జర్మన్ స్థావరాల ఫోటోలు చదివే విభాగానికి అధిపతి. అలాంటి స్థావరమైన పీనముండే ఫోటోల్లో తోక లేని చిన్న విమానాలు కనిపించాయి. ఆమె వాటికి పేరు పెట్టలేదు. రెక్కల నిడివి కొలిచి ‘పీనముండే 30’ అని రాసింది, అంటే 30 అడుగులది అని. తర్వాత తెలిసింది అది రాకెట్‌తో నడిచే మెసర్‌ష్మిట్ 163. నవంబర్‌లో ఇంకా చిన్నది దొరికింది, అదీ ‘పీనముండే 20’. దాన్నే ఏటవాలు పట్టా మీద ఎక్కించి ఉండగా 28వ తేదీ నాటి ఫోటోలో గుర్తుపట్టింది. పైలట్ లేని వీ-1 అదే. కొలత, తేదీ, చోటు రాసి, పేరు ఖాళీగా వదిలిన ఆ కాగితాలు ఇవాళ్టికీ నాకు ఈ పనికి ఉత్తమ నమూనాలు.

తొలినాటి భారతీయ ఫోటోలకు ఆ నిగ్రహం చాలా అవసరం. 1911 ఫిబ్రవరి 18న అలహాబాద్ నుంచి నైనీకి ఆరున్నర వేల ఉత్తరాలు మోసిన హెన్రీ పెకే విమానం హంబర్-సోమర్. అంతకు కొద్దివారాల ముందు కలకత్తాలో ప్రదర్శన ఇచ్చింది బ్రిస్టల్ బాక్స్‌కైట్, అది ఫార్మన్ నమూనాకు దగ్గరి నకలు. అన్నింటికీ ఇంజన్ వెనకే, ముందుకు చాచిన కర్రల మీద ఎలివేటర్, వెనక గూడులాంటి తోక కర్రలు. బాక్స్‌కైట్ తోకలో ఒకదాని మీద ఒకటి రెండు పలకలుంటాయి, సోమర్‌లో ఒకటే. జనం తలల అంచున తోక తెగిపోయిన ఫోటో అయితే ‘ఫార్మన్ తరహా విమానం, 1910-11’ అని రాసి ఊరుకోవడం ఉత్తమం.

కంప్యూటర్ ఈ పని చేసిపెడుతుందా అని అందరూ అడుగుతున్నారు. 2013లో పరిశోధకులు వంద రకాల విమానాలకు చెందిన 10,000 ఫోటోలతో ఒక సంకలనం తయారుచేశారు. ఇప్పటి ప్రయాణికుల విమానాలను అలాంటివాటి మీద నేర్చుకున్న ప్రోగ్రాములు బాగానే విడదీస్తాయి. అరుదైన పాత విమానానికి మొత్తం లోకంలో మూడు ఫోటోలుంటే, అందులో రెండింటికి క్యాప్షన్ తప్పయితే యంత్రం నేర్చుకునేదేమిటి? అది పోలిక పట్టడంలో దిట్ట. తెలియదని చెప్పడం, ఇది ఫలానాది కాదని నిరూపించడం దానికింకా సరిగా చేతకాదు. నంబరు కోసం మసక అక్షరాలను ‘బాగుచేయమని’ దాన్ని అడగడం మరీ ప్రమాదం, లేని అక్షరాన్ని అందంగా గీసి పెడుతుంది. పాత విమానం ఫోటో అంటూ అది సృష్టించే బొమ్మల్లో రెక్కల మధ్య వైర్లను ఒకచోట మొదలుపెట్టి చివరిదాకా వేలితో పట్టుకుపోయి చూడండి. నిజమైన బైప్లేన్‌లో ప్రతి వైరుకూ రెండు కొసలుంటాయి, రెండూ ఎక్కడో ఒకచోట బిగించి ఉంటాయి. కల్పించిన బొమ్మలో చాలాసార్లు ఒక కొస గాల్లో కలిసిపోతుంది.